గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే కనిపించే ఆర్థిక పరిస్థితి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాలకొల్లుకీ భీమవరానికీ మధ్యలో ఒక ఊరు. మామయ్యగారు పెట్టిన కిరాణా కొట్టు, 19 ఏళ్ళ నుంచి గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నా. జనం చేతిలో డబ్బు ఆడుతుందా లేదా అన్నది పేపర్లో రాకముందే మాకెలా తెలుస్తుందని చుట్టాలు, మా అబ్బాయి ఫ్రెండ్స్, బ్యాంకులో పనిచేసే మా తోడికోడలు అడుగుతూనే ఉంటారు. పదే పదే అడిగినవన్నీ ఇక్కడ ఒక్కచోట రాస్తున్నా.

జీడీపీ లెక్కలు గవర్నమెంటు ఇస్తుంది కదా, మళ్ళీ ఈ గుర్తులు ఎందుకండి?

ఇస్తుంది, కాదనట్లేదు. కానీ మూడు నెలల జీడీపీ లెక్క ఆ మూడు నెలలూ అయిపోయిన రెండు నెలలకి వస్తుంది, అంటే ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏం జరిగిందో ఆగస్టు చివర్లో తెలుస్తుంది. ధరల లెక్క నెలనెలా వస్తుంది కానీ అది దేశానికో రాష్ట్రానికో సరిపోయే లెక్క, మా మండలంలో రొయ్య రేటు పడి జనం ఇబ్బంది పడుతున్న సంగతి అందులో కనపడదు. హైదరాబాద్‌లో కార్లు బాగా అమ్ముడైన నెలలోనే ఇక్కడ నూనె పాకెట్టు బదులు లూజు నూనె అడిగేవాళ్ళు పెరగొచ్చు, రెండూ నిజమే, కలిపి సగటు తీస్తే మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఫారిన్‌లో లిప్‌స్టిక్ చూసి, మగాళ్ళ డ్రాయర్లు చూసి చెప్తారంట, నిజమేనా?

నిజంగానే చెప్తారు. లిప్‌స్టిక్ మాట 2001లో అమెరికా పరిస్థితి బాలేనప్పుడు ఎస్టీ లాడర్ కంపెనీ పెద్ద లెనార్డ్ లాడర్ అన్నాడు, ఆడవాళ్ళు ఖరీదైనవి మానేసి చిన్న సరదాగా లిప్‌స్టిక్ కొనుక్కుంటారు కాబట్టి దాని అమ్మకాలు పెరుగుతాయని. వినడానికి బాగుంటుంది కానీ ప్రతిసారీ నిలబడలేదు, కోవిడ్‌లో మూతికి మాస్కు కట్టుకున్నాక లిప్‌స్టిక్ ఎవరు కొంటారు చెప్పండి. డ్రాయర్ల సంగతి అమెరికా రిజర్వు బ్యాంకుకి చాలా ఏళ్ళు చైర్మన్‌గా చేసిన అలన్ గ్రీన్‌స్పాన్ పేరు మీద చెప్తారు. బయటికి కనపడని బట్ట కాబట్టి చేతిలో డబ్బు తగ్గితే మగాడు ముందు దాన్నే వాయిదా వేస్తాడని ఆయన లెక్క. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే మన ఇళ్ళల్లో కూడా అంతే, పిల్లాడి స్కూలు బ్యాగు ముందు, ఇంటాయన బనియను తర్వాత, ఆవిడ లోపలి లంగా ఆఖర్న. ఇంట్లో ఎవరి వస్తువు వాయిదా పడుతుందో చూస్తే చాలు.

చైనాలో లీ కెచియాంగ్ అని తర్వాత ప్రధాని అయినాయన 2007లో ఒక రాష్ట్రానికి పార్టీ పెద్దగా ఉన్నప్పుడు, కాగితం మీద జీడీపీ కన్నా కరెంటు వాడకం, రైల్లో వెళ్ళే సరుకు, బ్యాంకులిచ్చే అప్పులు చూస్తానన్నాడట. ఇది మన డెల్టాకి బాగా అతుకుతుంది, ఎలాగో రొయ్యల దగ్గర చెప్తా.

సరే, మన గోదావరి జిల్లాల్లో ముందు ఏం చూడాలి?

నన్నడిగితే పద్దు పుస్తకం. అరువు పెరిగిందా అని కాదు, అరువు ఎప్పుడు తీరుతుంది అని.

ఇది సరిగ్గా అర్థం చేసుకోకపోతే బోర్లా పడతారు, అందుకే కాస్త వివరంగా రాస్తా. మా కొట్లో ప్రతి ఏడూ జులై చివర నుంచి పద్దులు లావెక్కుతాయి. సార్వా (వానాకాలం వరి) నాట్లు పడ్డాక డబ్బంతా పొలంలోకి పోతుంది, ఎరువులు, కూలీలు, మందులు, అదే టైములో పిల్లల ఫీజులు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మూడు నెలలూ అరువు రాయడమే నా పని. కొత్తగా వచ్చినవాళ్ళు ఇది చూసి జనం చితికిపోయారు అనుకుంటారు, అదేం లేదు, మా మామయ్యగారి టైములో కూడా ఇంతే. కోతలయ్యి, ధాన్యం కాటా వేసి, డబ్బులు పడి, సంక్రాంతి ముందు వారం వచ్చి ఒక్కొక్కరూ పద్దు కొట్టించుకుని వెళ్తారు. ఆ వారం నా కొట్లో పండగ.

కాబట్టి నేను చూసేది సంక్రాంతి వెళ్ళాక ఎన్ని పేజీలు కొట్టివేయకుండా మిగిలాయో అని. మామూలు ఏడు పది, పన్నెండు ఇళ్ళు మిగులుతాయి. ఒక ఏడు ధాన్యం డబ్బులు బాగా లేటయ్యాయి, ఆ ఏడు కనుమ వెళ్ళిన తర్వాత కూడా 37 పేజీలు అలాగే ఉన్నాయి. అందులో ఒకాయన ఉన్నాడు, నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు, నాతో ఎప్పుడూ మాట పడనివాడు. ఆయన పండగ ముందు రోజు వచ్చి పావు కేజీ బెల్లం, అర కేజీ బియ్యప్పిండి చేతి డబ్బులతో కొన్నాడు, పద్దు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అరిసెలు పదో పదిహేనో వస్తాయి దాంతో. అంతకుముందు ఏడు అదే ఇంటికి మూడు కేజీల బెల్లం వెళ్ళింది. ఆ మధ్యాహ్నం నేను పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే సగం కౌలు రైతుల ఇళ్ళు అలాగే ఉన్నాయి, సొంత భూమి ఉన్నోళ్ళవి మాత్రం తీరిపోయాయి. ఏ పేపర్లోనూ ఈ తేడా నాకు కనపడలేదు.

2025-26 సార్వాకి మామూలు రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, అంటే మన 75 కేజీల బస్తాకి 1,777 దాకా. కౌలు రైతు ముందు కౌలు బస్తాలు ఇచ్చేసి మిగిలిన బస్తాల మీద ఈ ధర లెక్కేసుకోవాలి, అందుకే ఎప్పుడైనా ముందు ఆ ఇంట్లోనే తెలుస్తుంది.

అయిదు రూపాయల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు ఎక్కువ పోతే పేదరికం పెరిగినట్టేనా?

కాదు. సాచెట్టు డబ్బున్నోళ్ళు కూడా కొంటారు, ఊరెళ్ళేటప్పుడు, హాస్టల్ పిల్లలకి. పైగా కంపెనీలు ధర పెంచకుండా గ్రాములు తగ్గించేస్తున్నాయి కాబట్టి ప్యాకెట్ల సంఖ్య లెక్కపెడితే తప్పే వస్తుంది. నేను చూసేది ఒకే మనిషి మారడం. నెలకి అయిదు లీటర్ల నూనె డబ్బా పట్టుకెళ్ళే ఇల్లు లీటరు పాకెట్లకి వచ్చిందా, అక్కడ్నుంచి అర లీటరుకి దిగిందా. కందిపప్పు బదులు పెసరపప్పు అడిగారా. ఒకే ఇల్లు మూడు నెలల్లో రెండు మెట్లు దిగితే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

చీటీ పాట చూసి చెప్పొచ్చు అంటారు, ఎలా?

నాకు తెలిసి దీన్ని మించిన గుర్తు లేదు, ఎందుకంటే ఇక్కడ మనిషి నోటితో తన అవసరం ఎంతుందో అంకెలో చెప్తాడు.

లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకి 5,000 అనుకోండి. నడిపేవాళ్ళ కమిషన్ 5,000. మామూలు రోజుల్లో మూడో నెల పాట 12,000 దగ్గర ఆగుతుంది అనుకుందాం, పాడినవాడికి 88,000 వస్తాయి, కమిషన్ పోను మిగిలిన 7,000 ఇరవై మందికి పంచితే తలా 350, మిగతావాళ్ళు 4,650 కడితే సరిపోతుంది. అదే చేతిలో డబ్బు లేని కాలంలో అదే మూడో నెల పాట 30,000కి వెళ్తుంది, పాడినవాడు 70,000 తీసుకుని వెళ్ళిపోతాడు, లక్ష చీటీ వాయిదాలు మాత్రం నెలనెలా కడుతూనే ఉండాలి. మిగతావాళ్ళు 3,750 కడితే చాలు కాబట్టి కొందరు సంతోషపడతారు. నాకైతే అలాంటి నెల చీటీ చౌకగా వచ్చిందని సంతోషం ఉండదు, ఎవరో గట్టి ఇబ్బందిలో ఉన్నారని అర్థం.

ఇక్కడ ఒక జాగ్రత్త. చీటీ మొదటి నెలల్లో పాట ఎప్పుడూ ఎక్కువే, చివర్లో ఎప్పుడూ తక్కువే, కాబట్టి మూడో నెల పాటని ఇంకో చీటీలో మూడో నెల పాటతోనే పోల్చాలి. జూన్‌లో ఫీజుల వల్ల పెరిగేది కూడా తీసెయ్యాలి. ఇంకో సంగతి, ఎంతకి పాడారు అన్నదాంతో పాటు ఎంతమంది పోటీ పడ్డారు అన్నది చూడండి, ఒక్కడే 30,000 దాకా పాడితే అది ఆ ఇంటి కష్టం, ఆరుగురు కలిసి అక్కడిదాకా తీసుకెళ్తే ఊరి కష్టం. (రిజిస్టర్ కాని చీటీల్లో డబ్బు పెట్టమని నేను ఎవరికీ చెప్పను, మా వీధిలోనే ఒకళ్ళు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఇరవై ఇళ్ళు ఏడ్చాయి.)

బంగారం తాకట్లు పెరిగితే జనం కష్టాల్లో ఉన్నట్టే కదా?

అందరూ అదే అంటారు, మన దగ్గర అది సగమే నిజం. గోదావరి జిల్లాల్లో బంగారం పెట్టి పంట అప్పు తెచ్చుకోవడం తరాల నుంచి ఉన్న పద్ధతి, వడ్డీ తక్కువ, కాగితాలు తక్కువ, నాట్లకి పెడతారు, కోతలకి విడిపిస్తారు. నగ బీరువాలో ఉన్నా బ్యాంకులో ఉన్నా ఒకటే అనుకుంటారు మావాళ్ళు. ఇక 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటాక అదే నాలుగు కాసుల గొలుసుకి ఇదివరకటి కన్నా చాలా ఎక్కువ అప్పు వస్తుంది, దాంతో బ్యాంకు లెక్కలో గోల్డ్ లోన్లు ఎలాగూ ఉబ్బుతాయి. అది చూసి కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సింది వేరే ఉంది. విడిపించకుండా వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకునేవాళ్ళు పెరగడం ఒకటి. పేపర్లో వేలం ప్రకటనలు రెండోది, చిన్న అక్షరాలతో పేజీ నిండా లోన్ నంబర్లు ఉంటాయి చూడండి, అవి అర పేజీ నుంచి రెండు పేజీలైతే ఆగి చదవాలి. రేటు ఇంత పెరిగిన రోజుల్లో కూడా నగ వదిలేసుకున్నారంటే ఆ ఇంట్లో ఎంత లేకపోతే వదులుకుంటారు. మూడోది, మెళ్ళో ఉన్నది. పెళ్ళికి వెళ్ళినప్పుడు కూడా ఒకావిడ పసుపుతాడుతో వస్తే ఎవరూ అడగరు, అందరికీ అర్థమవుతుంది.

రొయ్యల రేటు పడితే ఊళ్ళో ఎలా తెలుస్తుంది?

మొదట్లో తెలీదు, ఇంకా చెప్పాలంటే తిరగబడి కనిపిస్తుంది.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన దేశం నుంచి రొయ్యలు ఎక్కువ కొనేది అమెరికానే, దేశంలో ఎక్కువ పండించేది మన ఆంధ్రానే, కాబట్టి ఆ దెబ్బ నేరుగా మన చెరువు గట్టు మీద పడింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రేటు ఇంకా పడిపోతుందేమో అన్న భయంతో కౌంటు రాకుండానే చెరువులు పట్టేస్తారు, 40 కౌంటు దాకా పెంచుదాం అనుకున్నోళ్ళు 80, 100 కౌంటుకే లాగేస్తారు. (కౌంటు అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయి అని, అంకె ఎంత పెద్దదైతే రొయ్య అంత చిన్నది.) అప్పుడు రెండు మూడు వారాలు ఊరు కళకళలాడిపోతుంది, వల లాగేవాళ్ళకి రోజూ పని, ఐసు లారీలు, ట్రేలు మోసే వ్యాన్లు, నా కొట్లో కూల్ డ్రింకులు, బిస్కెట్లు తెగ అమ్ముడవుతాయి. బయటనుంచి చూసినోళ్ళు ఆక్వా బాగుందనుకుంటారు. అసలు సంగతి నెల తర్వాత, మళ్ళీ సీడ్ (రొయ్య పిల్లలు) వెయ్యనప్పుడు తెలుస్తుంది.

ఇక్కడే ఆ చైనా ఆయన కరెంటు మాట. రాత్రి పదింటికి మా మేడ మీదకి వెళ్తే పడమర వైపు చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే కరెంటు మోటార్లు) తిరిగే చప్పుడు వాన కురిసినట్టు వినపడుతుంది, గట్ల మీద లైట్లు దీపావళిలా ఉంటాయి. పంట లేని చెరువులో ఏరియేటరు తిప్పరు, అంత బిల్లు ఎవడు కడతాడు. చప్పుడు తగ్గిన రాత్రులు నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే మేత కొట్లో అరువు, లీజు డబ్బు, చెరువు కాపలా కుర్రాడి జీతం, ప్లాంటులో రొయ్యల తల తీసే పనికెళ్ళే ఆడపిల్లల ఓవర్‌టైము అన్నీ ఆ చప్పుడుకే ముడిపడి ఉన్నాయి. ఆ పిల్లల్ని తీసుకెళ్ళే బస్సు పొద్దున్న మా కొట్టు ముందే ఆగుతుంది. నిలబడి వెళ్ళే బస్సులో కిటికీ సీట్లు ఖాళీగా కనిపిస్తే ఆర్డర్లు తగ్గినట్టు.

వైరస్ వచ్చినా చెరువులు ఎండగడతారు కాబట్టి కారణం కనుక్కోకుండా తీర్పు చెప్పకండి.

పులస రేటు వేలల్లో పలికితే జనం దగ్గర డబ్బు ఉన్నట్టా?

లేదండి. వరద నీళ్ళకి ఎదురొచ్చే చేప, ఏడాదికేడాదికీ తగ్గిపోతుంది, యానాంలో ఒకటి పడితే పదిమంది ఎగబడతారు. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు కానీ కొనేవాళ్ళు ఎప్పుడూ ఆ కొద్దిమందే. అది చేపల కొరత.

సంక్రాంతి కోడిపందేల్లో కోట్లు ఆడాయంటే?

బరి దగ్గర ఆడే డబ్బు చాలావరకు బయట ఊళ్ళ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చింది. అది చట్టానికి విరుద్ధం కూడా, దాన్ని ఊరి ఆరోగ్యానికి గుర్తుగా నేను తీసుకోను. అంతకన్నా పండగకి ఇంటికొచ్చిన పిల్లలు ఎన్ని రోజులు ఉండి వెళ్ళారో చూడండి. ముక్కనుమ వెళ్ళిన తర్వాత కూడా కుర్రాళ్ళు అరుగుల మీద కనిపిస్తుంటే అక్కడ ఉద్యోగం ఏమైందో అని అనుమానం వస్తుంది.

అడ్డా మీద కూలీలు ఎక్కువమంది ఉంటే పని లేనట్టా?

ఎంతమంది ఉన్నారని కాదు, ఎన్నింటికి ఖాళీ అవుతుందో చూడాలి. ఏడున్నరకి మేస్త్రీలు వచ్చి అందర్నీ ఎక్కించుకుని వెళ్ళిపోతే పని బాగున్నట్టు. తొమ్మిదిన్నరకి కూడా టిఫిన్ గిన్నెలు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటే బాలేనట్టు, ఆ టైములో ఎవరైనా వచ్చి రేటు తగ్గించి అడిగితే ఒప్పుకుంటే అస్సలు బాలేనట్టు. వానాకాలం, ఇసుక దొరకని నెలలు లెక్కలోంచి తీసెయ్యండి.

పెళ్ళిళ్ళలో ఐటమ్స్ తగ్గించారా లేదా అని చూడొచ్చా?

చూడొచ్చు కానీ మూఢం, ఆషాఢం, ముహూర్తాలు ఎన్ని ఉన్నాయి అన్నవి మొత్తం తారుమారు చేసేస్తాయి. మా ఊరి వంట మేస్త్రి చెప్పింది నాకు నమ్మకంగా అనిపించింది, పెళ్ళి భోజనాలు ఎవరూ తగ్గించరు, పరువు కాబట్టి అప్పు చేసైనా పెడతారు, తగ్గేది ఓణీల ఫంక్షన్లు, పుట్టినరోజులు, గృహప్రవేశం తర్వాత పెట్టే విందులు. వెయ్యి ఆకులు చెప్పినవాళ్ళు నాలుగొందలకి దిగడం ఆయనకి అక్కడ తెలుస్తుంది.

2011 క్రాప్ హాలిడే ముందు ఎవరికైనా తెలిసిందా?

కోనసీమలో సార్వా వెయ్యకుండా రైతులు భూములు వదిలేసిన ఏడు అది. గోదావరి నీళ్ళు కాలువలో పారుతుంటే పంట పెట్టం అనడం ఎంత పెద్ద మాటో ధవళేశ్వరం ఆనకట్ట కింద పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. పెట్టుబడి రాదు, కూలీ దొరకదు, మురుగు పోదు, ధాన్యం అడిగేవాడు లేడు, ఇవే కారణాలు. కారణాలు తేల్చమని గవర్నమెంటు మోహన్ కందా కమిటీ వేసింది కూడా. మా పుట్టిల్లు ఆ వైపే. మా నాన్నగారు చెప్పేవారు, అంతకు ముందే కౌలు అడిగేవాళ్ళు తగ్గిపోయారని, ఎకరానికి ఇన్ని బస్తాలు అని భూమి ఉన్న రైతు చెప్పడం పోయి, నువ్వు ఎన్ని ఇస్తే అన్ని ఇయ్యిరా బాబూ అనే దాకా వచ్చిందని. కౌలు రేటు పడటం అప్పటినుంచి నేను ఉగాది తర్వాత తప్పకుండా కనుక్కుంటా.

పాత గుర్తులు ఏవైనా ఇప్పుడు పనికిరావా?

చిల్లర కొరత ఒకటి. ఇదివరకు చిల్లర లేక చాక్లెట్లు ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు పది రూపాయలకి కూడా ఫోన్‌తో స్కాన్ చేస్తున్నారు. బస్సులో ఆడవాళ్ళ రద్దీ ఇంకోటి, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు వచ్చాక రద్దీకీ జేబుకీ సంబంధం తెగిపోయింది. అట్టపెట్టెలు మాత్రం ఇంకా పనిచేస్తున్నాయి, అమెరికాలో కూడా అట్టపెట్టెల తయారీ చూస్తారట, నా కొట్లో నెలకి ఎన్ని ఖాళీ పెట్టెలు పాత సామాన్లాయనకి వేశానో రాసుకుంటే నా అమ్మకం అబద్ధం చెప్పకుండా బయటపడుతుంది.

కువైట్, దుబాయ్ డబ్బు వచ్చే ఊళ్ళలో ఇవి పనిచేస్తాయా?

తక్కువ పనిచేస్తాయి. అక్కడ నెలనెలా డబ్బు వస్తుంది కాబట్టి పద్దులు పంటతో కదలవు. అక్కడ కొత్తగా పాస్‌పోర్టుకి పెట్టుకునే ఆడవాళ్ళు ఎక్కువైతే చూడాలి. చిన్న పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళడానికి ఒక తల్లి సిద్ధపడిందంటే ఇక్కడ దారులన్నీ చూసుకునే ఉంటుంది.

ఇవన్నీ చూసి పొలం అమ్మేయాలా, బంగారం కొనాలా?

దయచేసి వద్దు. ఇవి ఊరి సంగతి చెప్తాయి, రేపటి రేటు చెప్పవు. నాకు వీటి ఉపయోగం ఒకటే, ఎవరికి అరువు ఆపకూడదో తెలుస్తుంది, సరుకు ఎంత దించుకోవాలో తెలుస్తుంది.

కొత్తగా మొదలెట్టేవాళ్ళు ఒక్కటే చూడాలంటే?

మీ వీధి మందుల షాపులో పది నిమిషాలు నిలబడండి. బీపీ, షుగరు మాత్రలు షీటు మొత్తం అడుగుతున్నారా, కత్తెరతో కోయించుకుంటున్నారా చూడండి. మా పక్క షాపులో కత్తెర గల్లా మీదే దారం కట్టి వేలాడుతూ ఉంటుంది. మొన్న ఒక మామ్మగారు నెలకి సరిపడా తీసుకునేవారు, నాలుగు రోజులకి కోయమన్నారు. ఆ అబ్బాయి కోసి, కవరులో వేసి, "మామ్మగారూ, మిగతావి కూడా పట్టుకెళ్ళండి, తర్వాత ఇద్దురుగాని" అన్నాడు. ఆవిడ వద్దు బాబూ అని నాలుగే తీసుకుని, చెంగుకి ముడేసుకుని వెళ్ళిపోయారు. నేను ఇంటికొచ్చి పుస్తకంలో వాళ్ళ పేజీ తీసి చూశా, మూడు వారాలుగా ఆవిడ పంచదార తీసుకెళ్ళలేదు.